పిల్లలతో గోదావరికి వెళ్తున్నారా?

సెలవులు దగ్గరపడే కొద్దీ తల్లిదండ్రుల మాటల్లో ఒక దిగులు వినిపిస్తుంది. "ఇంత ఖర్చుపెట్టి, ఆఫీసుకి సెలవు పెట్టి తీసుకెళ్తామండీ. వాడికి కారులో ఫోను, హోటల్లో టీవీ. ఏం చూశావురా అంటే బాగుంది అంటాడు, అంతే" అని ఒకరు. "మా అమ్మాయి బయట తిండి ముట్టదు. ఎక్కడికెళ్లినా పెరుగన్నం వెతకడంతోనే సరిపోతుంది" అని ఇంకొకరు. గుడి గుమ్మంలోనే పిల్లాడు ఏడుపు అందుకుంటాడని, నలుగురిలో తలవంపులని మరొకరు. చాలా ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నదాన్ని కాబట్టి ఈ మాటలు నా చెవిన తరచూ పడుతుంటాయి. వాటి వెనక ఉన్నది విసుగు కాదు, ప్రేమే. మనం చూసి మురిసిపోయినదాన్ని మన బిడ్డ కూడా చూసి మురిసిపోవాలన్న ఆశ.

ముందుగా ఒక ధైర్యం చెప్పాలి. "బాగుంది" అని ఊరుకున్న పిల్లవాడు ఏమీ చూడలేదని అనుకోవద్దు. చూసినదాన్ని వెంటనే మాటల్లో పెట్టడం పెద్దవాళ్లకే కష్టం. ఏడేళ్ల పిల్లకు ఇంకా కష్టం. పైగా పిల్లల కన్ను మన కన్ను ఆగినచోట ఆగదు. మనం గోపురం చూపిస్తుంటే వాళ్లు గోపురం నీడలో పడుకున్న కుక్కపిల్లను చూస్తారు. మనం నది వెడల్పు గురించి చెబుతుంటే వాళ్లు పడవ ఇంజను వాసన పీలుస్తూ ఉంటారు. అది అశ్రద్ధ కాదు. కొత్త చోటు వాళ్లలోకి అలాగే వెళ్తుంది, చిన్న చిన్న వాటి గుండా, వాళ్లు ఎంచుకున్న దారిలో.

ఇప్పుడు కాస్త కష్టమైన మాట. చాలాసార్లు పిల్లలకు ఆ దారి దొరక్కుండా చేస్తున్నది మన జాబితాయే. రాజమండ్రిలో దిగుతాం. రెండు రోజులుంటాయి. పుష్కర ఘాటు, ధవళేశ్వరం, కడియం నర్సరీలు, ఆత్రేయపురం, ద్రాక్షారామం, కోరంగి, అంతర్వేది, వీలైతే దిండి. ఒక్కోచోట అరగంట, నాలుగు ఫొటోలు, "త్వరగా ఎక్కండి". ఇంటికొచ్చాక లెక్క చూసుకుంటే మనం ఎనిమిది చోట్లు చూశాం, పిల్లలు మాత్రం కారు సీటు వెనకభాగం చూశారు. మనమెందుకు ఇలా చేస్తాం? ఏడాదంతా ఇవ్వలేకపోయిన సమయాన్ని రెండు రోజుల్లో చెల్లించేయాలన్న ఆరాటం కొంత, పెట్టిన ఖర్చుకు తగ్గట్టు చూపించాలన్న తపన కొంత. ఆరాటం అర్థం చేసుకోదగ్గదే. కానీ పిల్లలకు కావలసింది ఎక్కువ చోట్లు కాదు, ఒక్కోచోట ఎక్కువసేపు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. మిగతాదంతా ఎలా చేయవచ్చో గోదావరి డెల్టాను ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను.

ఒక్క దారం పట్టుకుందాం

గోదావరి సీమను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇక్కడ తిండి, ప్రకృతి, చరిత్ర మూడూ ఒకే నీటితో ముడిపడి ఉన్నాయి. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన నది దాదాపు 1,465 కిలోమీటర్లు నడిచి మన దగ్గర సముద్రంలో కలుస్తుంది. ధవళేశ్వరం దాటాక గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్నదే కోనసీమ. ఆనకట్ట దగ్గర ఆపిన నీళ్లు కాలువల్లోకి వెళ్తాయి, కాలువ నీళ్లు వరిచేలోకి. చేలో పండిన బియ్యమే ఆత్రేయపురంలో పూతరేకు అవుతుంది. నది మోసుకొచ్చిన ఒండ్రు సముద్రం అంచున పేరుకుని, దాంట్లో మడ అడవి పెరుగుతుంది.

ఇదంతా పిల్లలకు ముందే పాఠంలా చెప్పేయకండి. బయల్దేరేముందు ఒక్క ప్రశ్న ఇవ్వండి చాలు: "ఈ నీళ్లు ఎటు పోతున్నాయో మనం వెతుకుదామా?" కారులో కాలువ కనిపించినప్పుడల్లా వాళ్లే అడుగుతారు, ఇది కూడా గోదారేనా అని. కాగితం మీద నదిని గీతగా గీసి, మనం ఉన్నచోట చుక్క పెట్టే పని పిల్లలకే అప్పగించండి. పని ఉన్న పిల్లలు ప్రయాణంలో వేరుగా ఉంటారు. తీసుకెళ్తున్న సామాన్లలో తామూ ఒకటన్న భావం వాళ్లలో పోతుంది.

కారులో తల తిరిగి వాంతులయ్యే పిల్లలుంటారు. అది నాటకం కాదు, మొండితనం అంతకన్నా కాదు. చూపు ఫోను మీద, ఒళ్లు మలుపుల్లో ఉంటే కడుపులో తిప్పుతుంది. బయల్దేరేముందు కొద్దిగా, తేలిగ్గా పెట్టండి. కిటికీలోంచి దూరంగా ఉన్న కొబ్బరిచెట్ల వైపు చూడమనండి. గంటకోసారి ఆగండి. ఆగినచోట కాలువగట్టు ఉంటే అది కూడా యాత్రలో భాగమే.

కొత్త రుచి, పాత భయం

ఒక ఊరు పిల్లల్లోకి వెళ్లే అతి దగ్గర దారి నాలుక. ఎక్కువగా గొడవ వచ్చేదీ అక్కడే. రెండేళ్ల నుంచి ఆరేళ్లలోపు పిల్లల్లో కొత్త తిండి అంటే జంకు బలంగా ఉంటుంది. అది వాళ్ల ఎదుగుదలలో ఒక దశ. కొందరిలో ఆ తర్వాత కూడా ఉండిపోతుంది. ఒక కొత్త రుచిని ఒప్పుకోవడానికి కొందరు పిల్లలు పదిసార్లకు మించి కూడా రుచి చూడవలసి వస్తుంది. అలాంటిది ఒక్క ప్రయాణంలో, కొత్త ఊళ్లో, అలసటలో, "ఇంత దూరం వచ్చి ఇది తినకపోతే ఎలా" అని మనం ఒత్తిడి పెడితే, బిడ్డకు ఆ రుచితోపాటు మన కోపం కూడా గుర్తుండిపోతుంది.

అందుకే తినిపించడం కన్నా ముందు చూపిద్దాం. ఆత్రేయపురంలో పూతరేకు చేసే ఇంటి ముందు పిల్లల్ని ఓ అరగంట నిలబెట్టండి. నున్నటి పెద్ద కుండను బోర్లించి, పక్కనున్న నోట్లోంచి ఎండు కొబ్బరాకులు తోస్తూ మంట పెడతారు. జయ బియ్యం నానబెట్టి పాలలా పలచగా రుబ్బుకున్న పిండిలో గుడ్డ ముంచుతారు. రెండు చేతులతో ఆ గుడ్డను కుండ మీదుగా ఒక్కసారి లాగుతారు. చుయ్‌మని శబ్దం, కాస్త ఆవిరి. రెండు మూడు క్షణాల్లో అంచు లేచి, అవతలివైపు వేళ్లు కనిపించేంత పలచటి రేకు చేతిలోకి వస్తుంది. ఒక రేకు అడిగి పిల్లల అరచేతిలో పెట్టండి. ముట్టుకుంటే చిట్లుతుంది. నోట్లో వేసుకుంటే రుచి దాదాపు ఏమీ ఉండదు, కరిగిపోతుంది. నెయ్యి, బెల్లం పొడి వేసి మడతపెట్టాక అదే రేకు వేరే పదార్థం అవుతుంది. ఖాళీ రేకునూ మడత రేకునూ పక్కపక్కన రుచి చూసిన పిల్ల, తిన్నది ఎంత కొంచెమైనా, ఒక తిండి పుట్టడాన్ని చూసింది. ఎంత తిన్నదన్న లెక్క వదిలేయండి.

అక్కడ నిలబడ్డప్పుడు మనం ఏం చేస్తున్నామో కూడా పిల్లలు చూస్తుంటారు. పొయ్యి సెగలో గంటల తరబడి కూర్చున్న మనిషితో "అంత రేటా, సగానికి ఇవ్వండి" అని మనం అంటే, ఆ పని విలువ ఎంతో బిడ్డకు అప్పుడే అర్థమైపోతుంది. "మిమ్మల్ని ఫొటో తీసుకోవచ్చా అమ్మా?" అని అడిగి తీస్తే అదీ అర్థమవుతుంది. సంస్కృతి పట్ల గౌరవం అని మనం పెద్ద మాటల్లో చెప్పేది పిల్లలకు అందేది ఇలాంటి రెండు వాక్యాల్లోనే.

వద్దన్న పిల్లల విషయంలో మూడు చిన్న జాగ్రత్తలు. ఒకటి, తెలిసిన తిండి ఒకటి ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి. పెరుగన్నమో, అరటిపండో, ఇంటి చేగోడీలో. పెరుగన్నం తింటున్న పిల్ల పక్కన మనం ఊరి కూర ఇష్టంగా తింటూ ఉంటే చాలు. రెండు, "మావాడు ఇవేమీ తినడండీ" అని వడ్డించేవాళ్ల ముందు అనకండి. పిల్లలు ఆ మాటకు తగ్గట్టే ఉండిపోతారు. "ఇవాళ ఆకలి లేదేమో, తర్వాత చూస్తాడు" అంటే తలుపు తెరిచే ఉంటుంది. మూడు, కారం. మనకు మామూలైన కారం చిన్న నోటికి మంట. దాన్ని తట్టుకోవడం గొప్పేమీ కాదు, పరీక్షగా పెట్టొద్దు. కాచి చల్లార్చిన నీళ్లో, నమ్మకమైన సీసా నీళ్లో, వాటితోపాటు రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు సంచిలో ఉంటే మన మనసూ నెమ్మదిగా ఉంటుంది.

వానాకాలంలో వెళ్తే పులస గురించి వింటారు. సముద్రంలో ఉండే చేప వరద నీటికి ఎదురీదుతూ గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి వస్తుంది. ధర వేలల్లో ఉంటుంది, దొరికేదీ ఏటా తగ్గుతోంది. సన్నటి ముళ్లు ఎక్కువ కాబట్టి చిన్నపిల్లలకు పెట్టేటప్పుడు వేళ్లతో తడిమి, ఒక్కో ముల్లూ తీసి పెట్టాలి. ఈ కథ వినగానే చాలామంది పిల్లలు ఒక ప్రశ్న అడుగుతారు: "గుడ్లు పెట్టడానికి వెళ్తుంటే పట్టేసుకుంటారా?" అప్పుడు మనం ఇబ్బంది పడి మాట మారుస్తాం. మార్చకండి. "అవును నాన్నా, అందుకే అవి తగ్గిపోతున్నాయని కూడా అంటారు. పట్టేవాళ్లకు అదే బతుకుతెరువు. నువ్వేమనుకుంటున్నావు?" అనండి. పిల్లలకు జవాబు దొరక్కపోయినా ఫరవాలేదు. తమ ప్రశ్నను పెద్దవాళ్లు తీసిపారేయలేదన్నది వాళ్లకు చాలా పెద్ద విషయం.

బురద, భయం, విసుగు

కాకినాడ దగ్గర కోరంగి అభయారణ్యంలో మడ చెట్ల మధ్య నడవడానికి చెక్క బాట ఉంది. మనకు అది అందమైన చోటు. కొందరు పిల్లలకు మొదటి పది నిమిషాలు అది భయపెట్టే చోటు. బురద వాసన, చీకటి పచ్చదనం, నేలలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్లు. "ఇందులో భయమేముంది, చూడు ఎంత బాగుందో" అని మనం అనేస్తాం. భయం ఉందని బిడ్డ చెబుతుంటే లేదని మనం అనడం వల్ల భయం పోదు, బిడ్డ చెప్పడం మానేస్తుంది. "అవును, వాసన వింతగా ఉంది కదూ" అని చెయ్యి పట్టుకుని కాసేపు కదలకుండా నిలబడండి.

కదలకుండా నిలబడటమే ఆ అడవిని చూసే పద్ధతి కూడా. అడుగుల చప్పుడు ఆగాక బురదలో కన్నాల్లోంచి పీతలు ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. అప్పుడు చెప్పండి, ఆ పొడుచుకొచ్చినవి చెట్టు వేళ్లేనని, ఊపిరాడని బురదలో ఉండి గాలి కోసం పైకి లేచాయని. తెల్లమడ ఆకు మీద వేలు రాసి నాలుకకు తాకిస్తే ఉప్పగా ఉంటుంది. ఉప్పునీటిలో బతికే చెట్టు తనకు అక్కర్లేని ఉప్పును ఆకుల గుండా బయటికి పంపేస్తుంది. ఆకు తెంపక్కర్లేదు, వేలు చాలు. పుస్తకంలో చదివితే పరీక్ష దాకా ఉండే విషయం, నాలుకకు తగిలితే ఏళ్ల తరబడి ఉంటుంది.

ఈ అడవిలో నీటికుక్కలూ, చేపలు పట్టుకు తినే బావురుపిల్లులూ ఉన్నాయి. అవి మనకు కనిపించకపోవచ్చు. ఆ సంగతి ముందే పిల్లలకు చెప్పడం మంచిది. అడవిలో జంతువులు మన కోసం ఎదురుచూస్తూ ఉండవు, అది వాటి ఇల్లు, మనం వచ్చి వెళ్లేవాళ్లం. ఈ నిరాశ పిల్లలకు మేలే చేస్తుంది. వేలు తాకిస్తే ఏదైనా తెరమీదికి వచ్చేసే కాలంలో, ఎదురుచూసినా రానిది ఒకటి ఉందని తెలియడం అవసరం. విసుగు కూడా అంతే. "బోర్ కొడుతోంది" అనగానే మనం ఫోను అందిస్తాం. పది నిమిషాలు ఓర్చుకుంటే ఆ విసుగులోంచే పిల్లలు పుల్ల ఒకటి ఏరుకుని ఏదో మొదలుపెడతారు. ఆ మొదలుపెట్టింది వాళ్ల సొంతం.

ఈ తీరాన్ని తాకిన తుపానుల గురించి పిల్లలకు ఎంత చెప్పాలన్నది వాళ్ల వయసును బట్టి. 1839లో వచ్చిన పెను తుపాను కోరంగి రేవును తుడిచిపెట్టింది. 1996 నవంబరు తుపానును కోనసీమ పెద్దలు ఇవాళ్టికీ తలుచుకుంటారు. ఎదిగిన పిల్లలకు ఇవి చెబుతూ, అలల ఉరవడిని మడ అడవి ఎలా తగ్గిస్తుందో చూపించవచ్చు. చిన్నపిల్లలకు మాత్రం చెట్లు ఊరిని కాపాడతాయన్న మాట చాలు. రాత్రి కొత్తచోట నిద్రపోవలసిన బిడ్డకు చావుల లెక్కలు అక్కర్లేదు.

పడవ దగ్గర మాత్రం మెత్తదనం వద్దు. లైఫ్ జాకెట్ సరిపోయే కొలతలో లేకపోతే ఎక్కకండి. వరద కాలంలో, చీకటి పడ్డాక, జనం ఎక్కువైన పడవలో ఎక్కకండి. 2019 సెప్టెంబరులో పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం మనందరికీ గుర్తుంది. పిల్లలు ఏడ్చినా, డబ్బు పోయినా, వెనక్కి తిరగడం తప్పు కాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ తక్కువ, ఆ నెలలు పిల్లలకు హాయి.

పాత రాళ్ల దగ్గర ఏం చెప్పాలి?

చారిత్రక ప్రదేశాల దగ్గర మనలో ఉన్న టీచరు నిద్రలేస్తుంది. ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు, మళ్లీ చెప్పు అని మొదలుపెడతాం. నేను టీచరునే కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను: సెలవుల్లో బడి పెట్టకండి. ఏడాదో, పేరో గుర్తుండకపోతే నష్టం లేదు. ఎందుకు కట్టారన్న ప్రశ్న గుర్తుంటే చాలు.

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర చెప్పడానికి మంచి కథ ఉంది. పక్కనే అంత పెద్ద నది పారుతున్నా, ఒక ఏడు వరద, ఒక ఏడు కరువు అన్నట్టు ఉండేది ఈ నేల. 1847లో ఇంజనీరు ఆర్థర్ కాటన్ పని మొదలుపెట్టారు, 1852 నాటికి ఆనకట్ట పూర్తయింది. ఇప్పుడు మనం చూసే బ్యారేజీ తర్వాతి కాలంలో కట్టింది. డెల్టా ఊళ్లలో ఈ పరాయి దేశపు ఇంజనీరు విగ్రహాలు ఎందుకున్నాయో పిల్లలే అడుగుతారు. అదే ఆనకట్ట ఎదురీదే చేపకు అడ్డంకి కూడా అయిందని ఎదిగిన పిల్లలకు చెప్పవచ్చు. ఒక మంచి పని వెనక ఇంకొకరి కష్టం ఉండవచ్చన్న ఆలోచనకు పన్నెండేళ్ల వయసు తగినదే.

ద్రాక్షారామం పంచారామాల్లో ఒకటి. తూర్పు చాళుక్యుల నాటి గుడి. లింగం రెండంతస్తుల ఎత్తు. కింది నుంచి చూస్తే ఒకలా, పై అంతస్తులో పూజ జరిగేచోట చూస్తే ఒకలా ఉంటుంది. చీకటి, తడి నేల, నూనె వాసన, జనం తోపులాట కొందరు పిల్లలకు భరించడం కష్టం. ఏడిస్తే దేవుడికి కోపం వస్తుందని బెదిరించకండి. ఆవరణలో కూర్చోబెట్టండి, ఇద్దరిలో ఒకరు ముందు వెళ్లిరండి. ఆ గోడల మీదా స్తంభాల మీదా ఎన్నో శాసనాలున్నాయి. "ఇందులో నీకు తెలిసిన అక్షరం ఏదైనా పోల్చుకోగలవా?" అని అడిగి చూడండి. పాత లిపిలో మన అక్షరం పోలిక ఒకటి కనిపెట్టిన పిల్ల ముఖం చూస్తే, దర్శనం ఆలస్యమైందన్న బాధ మీకుండదు.

ఎదిగిన పిల్లలుంటే రాజమండ్రిలోనే సగం రోజు ఉండండి. బొమ్మలు వేసే పిల్లలకు దామెర్ల రామారావు చిత్రశాల చూపించండి. చిన్న వయసులోనే పోయిన ఆ చిత్రకారుడు వేసిన బొమ్మల ముందు పదిహేనేళ్ల పిల్లవాడు మౌనంగా నిలబడితే కదిలించకండి. కందుకూరి వీరేశలింగం ఇంటికి తీసుకెళ్లినప్పుడు, 1881లో ఆయన జరిపించిన తొలి వితంతు వివాహం గురించి చెప్పండి. ఆ పెళ్లికూతురు బాల వితంతువు అని వినగానే మీ అమ్మాయి మనసులో ఎన్ని ప్రశ్నలు లేస్తాయో. వాటికి అక్కడికక్కడే జవాబులు చెప్పేయాలని లేదు. రాత్రి భోజనాలయ్యాక మళ్లీ అడుగుతుంది. అడిగేలా మనం ఉండాలి.

దూరదేశాల నుంచి వచ్చే పిల్లలు

అమెరికా నుంచో, సింగపూర్ నుంచో అమ్మమ్మగారి ఊరికి వచ్చే కుటుంబాలకు విడిగా ఒక మాట. మీకిది ఇంటికి రావడం. మీ పిల్లలకు ఇది కొత్త దేశం. దోమలు, ఉక్కపోత, ఇంటినిండా తెలియని చుట్టాలు, బుగ్గలు పట్టుకునే చేతులు. వాళ్లు ముడుచుకుపోతే అది మీ పెంపకం లోపం కాదు, ఊరి మీద చిన్నచూపూ కాదు. మొదటి రెండు రోజులు ఏ యాత్రా పెట్టుకోకండి. నలుగురి ముందు "తెలుగులో ఒక పద్యం చెప్పు" అని నిలబెట్టకండి. మాట తడబడి అందరూ నవ్వితే, ఆ నవ్వులో ప్రేమే ఉన్నా, బిడ్డకు అది అవమానంగా మిగులుతుంది. అమ్మమ్మ పక్కన కూర్చుని కొబ్బరి కోరితే, తాతయ్యతో పొద్దున్నే కాలువగట్టుకు వెళ్తే, మాటలు వాటంతట అవే వస్తాయి.

వాళ్లకు కోరంగి గురించి ఒక సంగతి చెప్పవచ్చు. ఆ తీరం నుంచి ఒకప్పుడు మనవాళ్లు ఓడలెక్కి రంగూన్ వెళ్లేవారు. సముద్రం దాటి బతకడం ఈ నేలకు కొత్త కాదు. రెండు ఊళ్ల మధ్య పెరుగుతున్న పిల్లలకు, తమలాంటివాళ్లు ముందూ ఉన్నారని తెలియడం ఒక ఊరట.

అనుకున్నట్టు జరగనప్పుడు

ఎంత జాగ్రత్తగా వేసుకున్నా ఒక రోజు పాడవుతుంది. జ్వరం వస్తుంది, అన్నాచెల్లెళ్లు కొట్టుకుంటారు, మరుగుదొడ్డి బాగోలేదని పిల్ల రోజంతా బిగపట్టుకుని చిరాకు పడుతుంది. (ఈ చివరిది పిల్లలు సిగ్గుతో చెప్పరు. మనమే అడిగి, శుభ్రమైన చోటు ముందే చూసుకోవాలి.) ఆ రోజు జాబితాను వదిలేసి గదికి వెళ్లిపోండి. పడుకోనివ్వండి. కోరంగి వచ్చే ఏడాది కూడా ఉంటుంది.

ఫోను గురించి నియమం బయల్దేరకముందే పెట్టుకోవాలి, అదీ అందరికీ ఒకటే. రోజుకు ఇంతసేపని మనకూ వర్తిస్తేనే పిల్లలు ఒప్పుకుంటారు. ఇక్కడ ఇంకో కష్టమైన మాట చెప్పక తప్పదు. ఇంట్లో ఏడాది పొడవునా మాటల్లేకుండా గడిచిన పదిహేనేళ్ల పిల్లవాడు, గోదావరి ఒడ్డుకు తీసుకెళ్లగానే మనసు విప్పడు. ప్రయాణం దూరాన్ని కొంచెం తగ్గిస్తుంది, పూర్తిగా తుడిచేయదు. తిరిగొచ్చాక రోజూ ఒక పూట కలిసి భోంచేయడం మొదలుపెడితే, ఆ కొంచెం నిలబడుతుంది.

ఇంటికొచ్చిన రాత్రే "ఏం నేర్చుకున్నావు, రాసి చూపించు" అనకండి. చూసింది లోపల కుదురుకోవడానికి రోజులు పడుతుంది. ఒకరోజు హఠాత్తుగా అన్నం తింటూ "ఆ పీతలు రాత్రి ఎక్కడ పడుకుంటాయి?" అని అడుగుతారు. ఆ నిమిషానికి చేస్తున్న పని పక్కన పెట్టగలిగితే పెట్టండి. తెలియకపోతే కలిసి వెతకండి.

ఈ సెలవుల్లో మీకు మూడు రోజులు ఉంటే నా సలహా ఇది. ఒక రోజు ఆనకట్టా, ఆత్రేయపురమూ. ఒక రోజు కోరంగి, అదొక్కటే. మూడో రోజును ఖాళీగా ఉంచి, ఎక్కడికి వెళ్లాలో పిల్లల్ని ఎంచుకోనివ్వండి. చూసినచోటికే మళ్లీ వెళ్దామంటే సంతోషంగా వెళ్లండి, ఆ చోటు వాళ్లకు నచ్చిందన్నమాట. మూడు రోజులూ, అంత డబ్బూ లేకపోతే మీ ఊరి చెరువూ, సంతా, పాత గుడీ ఉన్నాయి. సంతలో కూరగాయలమ్మే పెద్దావిడను ఆకుకూర పేరు అడగండి, చెరువు గట్టున గంటసేపు కూర్చోండి, గుడి ఎవరు కట్టించారో పూజారిగారిని కనుక్కోండి. పిల్లలు ఒక నేలను ప్రేమించడం నేర్చుకునేది దాన్ని తీరుబడిగా చూస్తున్న అమ్మానాన్నల పక్కన నిలబడే. ఆ తీరుబడి ఒక్క పూటయినా ఇవ్వగలం. అక్కడి నుంచి మొదలుపెడదాం.